మొదటి సంక్రాంతికి చంటిబిడ్డకు భోగిపళ్లు పోయడం ఎలా?

భోగిపళ్లు పోయడం నిజానికి పావుగంట పని. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, నలుగురు పెద్దవాళ్లు దిష్టి తీసి పళ్లు పోయాలి, హారతి ఇవ్వాలి. అంతే. ఇప్పుడు చూస్తే వెనక పూల తెర, ముందు ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, మధ్యలో గుక్కపట్టి ఏడుస్తున్న మూడు నెలల బిడ్డ. తల మీద గంపెడు రేగుపళ్లు కుమ్మరించి, వీడియో సరిగా రాలేదని మళ్లీ కుమ్మరిస్తారు. అసలు ఎలా చేయాలో రాస్తాను.

ముందు టీకా, తర్వాత టికెట్టు

ఊరికి బయల్దేరేముందు తల్లీబిడ్డల కార్డు తీసి చూడండి. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ సూది (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బులకు ఒకే టీకా), పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు ఉంటాయి. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా సూది. పండగయ్యాక చూద్దాంలే అని వాయిదా వేయకండి. ఊళ్లో చుట్టాలందరి మధ్యకూ వెళ్లేది ఇప్పుడే. కోరింత దగ్గు లాంటివి చంటిపిల్లలకు అంటుకునేది ఎక్కువగా ఇంట్లో దగ్గేవాళ్ల నుంచే. పెంటావాలెంట్ వేశాక ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం, తొడ వాచడం మామూలే. సూది వేయించి, రెండు రోజులు ఆగి బయల్దేరండి.

ప్రయాణానికి రైలే. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు భోగి ముందు రోజుల్లో కారులో వెళితే పంతంగి టోల్‌గేటు దగ్గరే తెల్లారుతుంది. రెండు మూడు గంటలకోసారి పాలు తాగే బిడ్డతో ఆ వరసలో నిలబడటం ఎవరికి సరదా?

ఏమేం కావాలి

రేగుపళ్లు, బంతిపూల రేకులు, చెరకుముక్కలు, కాసిని అక్షింతలు, చిల్లర నాణేలు. కొందరు నానబెట్టిన శనగలు కూడా కలుపుతారు. ఒక పళ్లెం, ఒక పీట, హారతికి కర్పూరం. నా లెక్క ప్రకారం పళ్లెంలో సగం పైన పూలరేకులే ఉండాలి. గంగరేగుపళ్లు చంటిబిడ్డకు పనికిరావు, పెద్దవి, బరువు. పచ్చివీ పనికిరావు, గట్టిగా ఉంటాయి. బాగా పండి మెత్తబడ్డ చిన్న నాటు రేగుపళ్లు గుప్పెడు చాలు. చెరకు గోరంత ముక్కలు, చెక్కు లేకుండా. శనగలు, అక్షింతలు కళ్లలో, చెవుల్లో పడతాయి. శాస్త్రానికి నాలుగు గింజలు వేసి వదిలేయండి. నాణేలు ఎన్ని వేశారో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

బట్టలు మెత్తటి నూలువి. పట్టు కావాలంటే లోపల నూలు చొక్కా వేసి, పైన పట్టుది పావుగంట ఉంచి తీసేయండి. జరీ మెడ దగ్గర గీరుకుంటే ఏ బిడ్డా ఊరుకోదు.

పోయడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే.

వేళ: భోగినాడు సాయంత్రం, పొద్దు గుంకకముందు, బిడ్డ పాలు తాగి ఒక కునుకు తీసి లేచాక. పేరంటాళ్లు వచ్చారు కదా అని నిద్రలో ఉన్న బిడ్డను లేపి తెచ్చారో, ఇక ఆ సాయంత్రం మీ చేతుల్లో లేనట్టే. పేరంటాళ్లు ఆగుతారు, కాఫీ ఇవ్వండి.

బిడ్డ తనంతట తాను కూర్చునే ఈడుకి రాకపోతే పీట మీద కూర్చోబెట్టే మాటే వద్దు. తల్లి తూర్పుముఖంగా పీట మీద కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకోవాలి. బిడ్డ వీపు తల్లి పొట్టకు ఆనాలి, మెడ నిలవని బిడ్డయితే తల తల్లి మోచేతి వంపులో ఉండాలి. దిండ్లు చుట్టూ పేర్చి ఫొటో కోసం ఒంటరిగా కూర్చోబెట్టడం నాకు బొత్తిగా నచ్చదు, మీరూ చేయకండి.

పోసేవాళ్లు ఐదుగురు చాలు. మొదట తల్లి, తర్వాత నానమ్మ, అమ్మమ్మ, ఇంకో ఇద్దరు. మిగతా వాళ్లు అక్షింతలు పళ్లెంలోనే వేసి దీవించి తాంబూలం తీసుకుంటారు. దీవెనకేం లోటు రాదు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా వరసలోకి రాకూడదు. వచ్చిన ప్రతివాళ్లూ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇక అసలు సంగతి. చంటిబిడ్డ మాడు ఇంకా పూడి ఉండదు. చాలామందికి అది పూర్తిగా పూడేసరికి ఏడాదిన్నర అవుతుంది. అక్కడ నిలువెత్తు నుంచి నాణెమో, పచ్చి రేగుకాయో పడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. అందుకని పిడికిట్లో కొద్దిగా తీసుకుని, బిడ్డ తల చుట్టూ మూడుసార్లు కుడివైపు, మూడుసార్లు ఎడమవైపు తిప్పాలి. తర్వాత రెండో అరచేతిని మాడు మీద గొడుగులా పట్టి, బెత్తెడు ఎత్తు నుంచి ఆ చేతి మీదే వదలాలి. పళ్లు చేతి మీద పడి అటూ ఇటూ జారి ఒళ్లోకి వస్తాయి. మొహం ముందు నుంచి పోయకూడదు, తల వెనక వైపు నుంచే. నాణేలు అసలు తల మీద నుంచి వద్దు, ఒళ్లో వేయండి. సంప్రదాయం తప్పినట్టు కాదా అని అడిగే పెద్దాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. రేగుపండుకి అర్కఫలమని పేరు, పండగ సూర్యుడిది, సూర్యుడు ఎత్తు కొలిచి చూడడని చెప్పండి.

పోస్తున్నంతసేపూ ఇంకొకరు బిడ్డ చేతులు మాత్రమే చూస్తూ ఉండాలి. ఫోన్ పట్టుకుని కాదు, ఖాళీ చేతులతో. నాలుగైదు నెలలు దాటిన బిడ్డ చేతికి దొరికింది నోట్లోకే వెళుతుంది. రేగుగింజ, శనగ, రూపాయి, మూడూ గొంతుకు అడ్డం పడేవే. బిడ్డ ఏడుపు మొదలుపెడితే ఆపేయండి. ముగ్గురితో ఆగిపోయినా పండగే. హారతి దూరం నుంచి ఇవ్వండి, పొగ మొహానికి తగలకుండా.

ఫంక్షన్ హాల్లో చేస్తే ఇవేవీ కుదరవు. మైకు, ఏసీ, వందమంది చేతులు. ఇంటి వసారా ఉండగా హాలెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అయ్యాక నాణేలు ఏరి, కాగితం మీద రాసిన లెక్కతో సరిచూడండి. ఒక్కటి తగ్గినా చాప ఎత్తి, బిడ్డ బట్టలు దులిపి వెతకాల్సిందే. దొరికేదాకా బిడ్డను కింద వదలొద్దు.

మిగతా పండగ

భోగిమంటకు బిడ్డను తేవద్దు. తెల్లవారుజాము మంచు, పైగా ఇప్పుడు ఆ మంటల్లో టైర్లు కూడా వేస్తున్నారు. సాంబ్రాణి పొగ కూడా చంటిబిడ్డ ఊపిరికి మంచిది కాదు. నాన్నో, తాతయ్యో మంట దగ్గరకు వెళ్లొస్తే చొక్కా మార్చుకుని ఎత్తుకోవాలి.

ముద్దులు పాదాలకే. ఎవరైనా నొచ్చుకుంటే "డాక్టర్ గారు వద్దన్నారండీ అత్తయ్యా" అనేయండి, డాక్టర్ ఏమీ అనుకోరు.

6 నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, మంచినీళ్లు కూడా. అరిసెల పాకం నాలిక్కి రాయడం, తేనె నాకించడం పండగ పూట ఎవరో ఒకరు చేయబోతారు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం. అందులో ఉండగల బీజాలు పేగుల్లో విషం తయారుచేసి, కండరాలకు పట్టు లేకుండా చేయగలవు.

బరువు గురించి చుట్టాల వ్యాఖ్యానాలకు ఒకే మందు. బయల్దేరే ముందే కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టేయండి: పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, వేయించిన టీకాలు, డాక్టర్ బాగుందన్న మాట. పుట్టిన మొదటి వారంలో కొంత బరువు తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ అందుకోవడం, ఐదారు నెలలకు రెట్టింపవడం మామూలు పెరుగుదల. ఇంత చెప్పినా "చిక్కిపోయిందే" అనేవాళ్లుంటారు. వాళ్లకు సున్నుండ పెట్టండి.

మూడు నెలల లోపు బిడ్డకు థర్మామీటరులో 100.4 డిగ్రీలు చూపిస్తే తడిగుడ్డ వేసి రేపటిదాకా చూడటం కుదరదు, వెంటనే ఆసుపత్రికే. పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా అంతే. కనుమనాడు కాకైనా కదలదంటారు, క్లినిక్కులూ ఎక్కువ మూసే ఉంటాయి. అందుకే ఊళ్లో దిగిన రోజే, ఆ పూట కూడా పిల్లల డాక్టర్ ఉండే ఆసుపత్రి ఏదో కనుక్కుని నంబరు ఫోన్లో పెట్టుకోండి. కారు తాళాలు ఎక్కడ పెట్టారో కూడా ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలి.