వానాకాలంలో రామప్ప, బొగత వెళ్లేవారికి: ముందు బండి దాటిందని మీరు వాగులోకి దిగకండి

పోయిన ఆదివారం మా బంధువుల పిల్లలు ఒక వీడియో పంపించారు. ములుగు దాటిన తరువాత ఏదో లో లెవల్ వంతెన మీదుగా వాగు పారుతోంది. వారి కారు మెల్లగా నీటిలోకి దిగి, అవతలి ఒడ్డు ఎక్కగానే లోపలున్నవారంతా చప్పట్లు కొట్టారు. వీడియో చివర్లో వెనక అద్దంలోంచి మరో రెండు కార్లు అదే నీటిలోకి దిగుతూ కనిపించాయి. ఆ రెండు కార్లలో ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

హనుమకొండలో ఉంటున్నందువల్ల, జూలై, ఆగస్టు నెలల్లో హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలకు వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, ములుగు జిల్లాలోని రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం చూపించే పని ఏటా నా మీదే పడుతుంది. గొడుగులు, మందులు, టైర్లలో గాలి వంటి సంగతులు నేను చెప్పను. అవి ఇంట్లో పెద్దవారెవరైనా చెబుతారు. చదువుకున్నవారు, బండి బాగా నడపగలిగినవారు, ఇంట్లో జాగ్రత్తపరులని పేరున్నవారు కూడా చేసే పొరపాటు ఒకటుంది: ముందు బండి దాటింది కదా అని తాము కూడా వాగులోకి దిగడం.

ఈ ప్రాంతంలో వాన ఎలా కురవగలదో 2023 చూపించింది. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దానిని అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తుంది. ఆ ఏడాది జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో కురిసినది 649.8 మిల్లీమీటర్లు. మనం చూడబోయే రామప్ప గుడి ఉన్న పాలంపేట కూడా ఆ మండలంలోనిదే. జంపన్న వాగు కొండాయి గ్రామాన్ని ముంచెత్తి పలువురి ప్రాణాలు తీసింది. అంతకు ముందు రోజు అదే జిల్లాలో మరో మండలమైన వెంకటాపురంలోని ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్లిన సుమారు 80 మంది, తిరుగు దారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోగా, సహాయక బృందాలు రాత్రంతా శ్రమించి వారిని బయటకు తెచ్చాయి. వెళ్లేటప్పుడు వారికి అడ్డు కాని నీరే వచ్చేటప్పుడు దారి మూసేసింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఒక కారును లాక్కుపోయింది. అందులో ఉన్న తండ్రీ కూతురూ మరణించారు.

నా కళ్లతో చూసినది కూడా చెబుతాను. కొన్నేళ్ల కిందట పస్రా దగ్గర ప్రధాన రహదారి నుంచి లోపలికి చీలిన ఒక రోడ్డు మీద, ఉదయం మేము దాటిన చిన్న ఒర్రె సాయంత్రానికి రోడ్డెక్కి పారుతోంది. రోడ్డు అంచున పాతిన తెల్ల రాళ్లు ఉదయం అయిదు కనిపించాయి. ఇప్పుడు రెండింటి తలలు మాత్రమే తేలి ఉన్నాయి. ఇరువైపులా బండ్లు ఆగాయి. ఒక ట్రాక్టర్ నీటిలోకి దిగి, తొణకకుండా అవతలికి వెళ్లింది. వెంటనే మా ముందున్న తెల్ల కారు కదిలింది. సగం దూరం పోయాక దాని వెనక భాగం నీటివాలుకు మెల్లగా పక్కకు తిరగడం చూశాము. ఇంజన్ శబ్దం ఆగిపోయింది. కారు జరిగి జరిగి ఒక తెల్ల రాయికి ఆనుకుని నిలిచింది. అక్కడే ఉన్న గీత కార్మికుడొకరు భుజాన ఉన్న మోకు విప్పి ఇచ్చారు. ఊరివాళ్లు ఆ మోకు పట్టుకుని ఒక్కొక్కరినీ కిటికీలోంచి బయటకు తీశారు. వెనక సీటులోని ముసలమ్మ ఒడిలోని టిఫిన్ క్యారియర్‌ను మాత్రం వదలలేదు. ఒడ్డున పడ్డాక ఆ కారు నడిపిన యువకుడు వణుకుతూ, "ముందు ట్రాక్టర్ పోయింది గదా అన్నా" అన్నాడు. మోకు ఇచ్చిన ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది: "ట్రాక్టర్ల యూరియా బస్తాలున్నయ్ బిడ్డా, నీ కార్ల గాలి తప్ప ఏమున్నది?"

ఆయన చెప్పినది శాస్త్రమే. ఒక చిన్న కారు బరువు సుమారు వెయ్యి కిలోలు, అడుగు భాగం సుమారు ఆరు చదరపు మీటర్లు, నేలకూ ఆ అడుగు భాగానికీ మధ్య ఎడం సుమారు 17 సెంటీమీటర్లు. ఆ ఎడం నిండిన తరువాత మరో 17 సెంటీమీటర్ల నీరు చేరితే కారు తొలగించే నీటి బరువు కారు బరువుతో సమానమవుతుంది. అంటే మోకాలు కూడా మునగని లోతులోనే చక్రాలకు నేలపై పట్టు పోతుంది. అటుపైన స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా కారు వాగు చేతిలో ఉంటుంది. బరువున్న ట్రాక్టర్, లారీ, ఆర్టీసీ బస్సు దాటిన లోతు మీ కారుకు చాలా ఎక్కువ. ముందు దాటినది మీ కారు వంటిదే అయినా ధైర్యం తెచ్చుకోవద్దు: ఎగువన కొండల మీద వాన పడితే ఇటువంటి చిన్న వాగులు నిమిషాల్లో పెరుగుతాయి, పైగా ముందు బండి చక్రాల కింద ఉన్న రోడ్డు అంచు ఆ తరువాత కోసుకుపోయి ఉండవచ్చు. ఎర్రటి నీటి కింద ఆ గండి ఎవరికీ కనిపించదు. ముందు బండి దాటడం ముందు బండి సంగతి మాత్రమే.

బయలుదేరే ముందు: ములుగు జిల్లాకు వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఉంటే బొగత ప్రయాణం మానండి, వరంగల్‌లోనే చూడవలసినది ఒక రోజుకు సరిపడా ఉంది. హైదరాబాద్‌లో ఎండ కాస్తోందన్నది లెక్కలోకి రాదు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కనుక, ఏ దారిన వెళ్తున్నారో, రాత్రి ఎక్కడ ఉంటారో ఇంట్లో ఒకరికి చెప్పి కదలండి. ఒక్క రోజులో హైదరాబాద్ నుంచి బొగత చూసి తిరిగి ఇల్లు చేరాలన్న పథకం వేయకండి. వాగు దగ్గర మనిషిని తొందరపెట్టేది నీరు కాదు, మరుసటి ఉదయం ఆఫీసుకు వెళ్లాలన్న ఆలోచన. తాడ్వాయిలో పర్యాటక శాఖ వారి హరిత కాటేజీలు ఉన్నాయి. రాత్రి అక్కడ ఆగిపోవడానికి సిద్ధపడి వెళ్లినవారికి వాగు ముందు పంతం ఉండదు.

రామప్ప దగ్గర: 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆదివారాలు రద్దీ పెరిగింది. తడిసిన నునుపు రాతి మీద చెప్పులు లేని కాలు కూడా జారుతుంది, ముసలివారిని చేయి పట్టుకుని నడిపించండి. ఫొటో కోసం పిల్లలను మండపం అంచున నిలబెట్టకండి. ఇక్కడ ప్రమాదం ఇంతే. రామప్ప చెరువు నిండి మత్తడి దుంకుతుంటే (అలుగు పారుతుంటే) మాత్రం దూరం నుంచి చూసి రండి, అందులో కాలు పెట్టకండి.

జలపాతం దగ్గర: బొగతలో నీటిలోకి దిగవద్దని అటవీ సిబ్బంది చెప్పిన రోజున వారితో వాదించకండి. తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా ఎగువన వాన పడిందని అర్థం; ఫొటోలు ఆపి, పిల్లలను ముందు పంపి, వెంటనే ఒడ్డెక్కండి. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో డ్యామ్ నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయిన 24 మంది హైదరాబాద్ విద్యార్థులు నిలబడినది కూడా అప్పటివరకూ పలుచగా పారుతున్న చోటే.

మిగిలినవి వరుసగా చెబుతున్నాను.

బొగత నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా తిరుగు ప్రయాణం కట్టండి.

మ్యాప్ చూపించే అడ్డదారులను వానాకాలంలో నమ్మకండి. అందులో రోడ్డు ఉంటుంది, రోడ్డు మీద ఎక్కిన నీరు ఉండదు.

వెళ్లేటప్పుడు వాగు పక్కన కనిపించే ఒక రాయినో చెట్టునో గుర్తు పెట్టుకోండి. వచ్చేటప్పుడు ఆ గుర్తు మునిగి ఉంటే అక్కడితో ప్రయాణం ఆపండి.

చీకటి పడిన తరువాత పారే నీటిని దాటకండి. లోతు ఎంతైనా సరే.

లోతు చూడడానికి మనిషిని దింపకండి.

పోలీసులు పెట్టిన ముళ్లకంపను, డ్రమ్ములను జరపకండి.

ఊరివాళ్లు పోవద్దంటే పోకండి. పొమ్మన్నా, నీరు పారుతుంటే పోకండి.

కారు నీటిలో ఆగిపోతే స్టార్ట్ చేసే ప్రయత్నంలో సమయం పోగొట్టుకోకండి. బెల్టులు విప్పి, వెంటనే అద్దాలు దించండి. నీరు ఎక్కితే అద్దాల మోటార్లు పనిచేయకపోవచ్చు, ఒత్తిడికి తలుపులు తెరుచుకోవు. కిటికీలోంచి బయటపడి కారు పైకెక్కండి, సిగ్నల్ ఉంటే 112కు ఫోన్ చేయండి. సామాను వదిలేయండి.

ముందు బండి దాటింది. మీరు ఆగండి.

దాని వెనక బండి కూడా దాటింది. అయినా ఆగండి.

మీ వెనక ఆగినవారు హారన్ కొడితే దిగి వెళ్లి వారికి నీటిని చూపించండి; మీ కారును మాత్రం పక్కకు తీయకండి.