పూర్ణ సంఖ్యలు, సామాన్య సమీకరణాలు: పిల్లలు ఎక్కడ తప్పుతున్నారు, ఎలా సరిచేయాలి

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల నోటుబుక్కులో మైనస్ గుర్తు తప్పుగా పడితే మన టీచర్ల నోట మొదట వచ్చే మాట 'అజాగ్రత్త'. చాలాకాలం నేనూ అలాగే అన్నాను. ఒకసారి ఒక పిల్లాడి తప్పులన్నీ ఒకే కాగితం మీద రాసి చూశాను. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. వాడు ఒక నియమాన్ని చాలా పద్ధతిగా, నమ్మకంగా పాటిస్తున్నాడు. ఆ నియమమే తప్పు. అదేమిటో పట్టుకోకుండా ఇంకో యాభై లెక్కలు ఇస్తే ఆ తప్పుడు నియమం ఇంకా గట్టిపడుతుంది.

అందుకే ముందు "ఇది ఎలా చేశావు?" అని అడగండి, అడ్డుపడకుండా వినండి. నలుగురిలో కాదు, విడిగా. జవాబు సరిగ్గా వచ్చినప్పుడు కూడా అదే ప్రశ్న అడుగుతూ ఉండండి. లేకపోతే మీరు అడిగిన వెంటనే తప్పు చేశామని టెన్షన్ పడి, చేసింది చెరిపేస్తారు. చెరిపేస్తే మనకు కారణం దొరకదు.

(తెలియని సంఖ్యకు ఇక్కడ 'య' అని రాస్తున్నాను. ఎక్స్ ఒక్కటే తెలియని సంఖ్య అనుకునే పిల్లలకు అప్పుడప్పుడు అక్షరం మార్చి ఇవ్వడం మంచిది. మన పాత బీజగణితంలో 'యావత్-తావత్' అన్న మాటలోని మొదటి అక్షరం 'యా'నే తెలియని రాశికి గుర్తుగా రాసేవారు.)

−5 − 3 = 8 అని రాస్తున్నారు

ఎలా చేశావంటే "మైనస్, మైనస్ ప్లస్ కదా" అంటారు. కారణం ఆ మాటలోనే ఉంది. గుణకారానికి చెప్పిన నియమంలోంచి 'గుణిస్తే' అన్న మాట జారిపోయి, ఒట్టి పాటగా మిగిలింది. ఎక్కడ రెండు మైనస్‌లు కనిపించినా ఆ పాట మోగుతుంది.

దీని వెనక ఇంకో చిక్కు ఉంది. ఒకే అడ్డగీతతో మూడు పనులు చేయిస్తున్నాం. 7 − 3లో అది తీసివేత. −3లో అది సంఖ్య సున్నాకు ఏ పక్కన ఉందో చెబుతుంది. −(−3)లో 'దీనికి ఎదురు సంఖ్య' అని అర్థం. మనకు అలవాటైపోయి ఈ తేడా కనిపించదు. పిల్లలకు మూడూ ఒకే గీత.

పరిష్కారం: కొన్ని రోజులు ఆ పాటను పూర్తిగా పక్కన పెట్టండి. రెండు రంగుల గుండీలో, కాగితం ముక్కలో తీసుకోండి. ఒక రంగు ధనం, ఇంకో రంగు రుణం. ఒక ధనం, ఒక రుణం జతకడితే సున్నా. ఐదు రుణాలున్న చోట ఇంకో మూడు రుణాలు చేరితే ఎనిమిది రుణాలు, అంటే −8. −7 + 3 అయితే మూడు జతలు రద్దయిపోయి నాలుగు రుణాలు మిగులుతాయి. తెలుగులో ఇది చెప్పడం సులువు, ఎందుకంటే రుణం అంటే అప్పే. 628లో మన గణితవేత్త బ్రహ్మగుప్తుడు ఈ నియమాలు రాసింది కూడా ధనం, రుణం అన్న మాటలతోనే: రెండు రుణాలు కలిస్తే రుణం, సమానమైన ధన రుణాలు కలిస్తే సున్నా.

5 − (−3) దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. "రుణాలు లేవు కదా, ఎలా తీయాలి?" అని అడిగితే సంతోషించండి, అది సరైన ప్రశ్న. ఐదు ధనాల పక్కన మూడు సున్నా జతలు పెట్టించండి. విలువ మారలేదు, ఇంకా 5 మాత్రమే. ఇప్పుడు మూడు రుణాలు తీసేయమనండి. ఎనిమిది ధనాలు మిగులుతాయి. ఇది చేతులతో ఒకసారి చేసిన పిల్లలు 'తీసివేస్తే ఎందుకు పెరిగింది' అని మళ్లీ అడగరు.

గుణకారానికి మాత్రం గుండీలను లాక్కురాకండి. అప్పును అప్పుతో గుణించడం అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాదు. వరస చూపించండి: 2 × (−4) = −8, 1 × (−4) = −4, 0 × (−4) = 0. ప్రతి మెట్టులో నాలుగు పెరుగుతోంది. మరి తర్వాతిది (−1) × (−4) ఎంత కావాలి? వాళ్లే 4 అంటారు. కాస్త గట్టి కారణం అడిగేవాళ్లకు: (−3) × (4 + (−4)) సున్నా కావాలి. బ్రాకెట్ విప్పితే మొదటి ముక్క −12. కాబట్టి రెండోది, (−3) × (−4), +12 అయి తీరాలి.

−8 పెద్దది, −3 చిన్నది అంటున్నారు

గుర్తు వదిలేసి అంకె ఒక్కటే చూస్తున్నారు. సంఖ్యారేఖను నిలువుగా గీయండి, థర్మామీటర్‌లా. కిందున్నది చిన్నది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

8 + 4 = □ + 5 ఇస్తే గడిలో 12 రాస్తున్నారు

నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది ఈ తప్పునే. కూడికల దగ్గర దీనికి పెద్ద నష్టం ఉండదు కానీ, సమీకరణాలు మొదలయ్యాక అన్నీ ఇక్కడే కూలతాయి. ఒకటో తరగతి నుంచి ఎడమవైపు లెక్క, తర్వాత '=', తర్వాత జవాబు. కాలిక్యులేటర్‌లోనూ అంతే, ఆ మీట నొక్కితే జవాబు వస్తుంది. కాబట్టి '=' అంటే వాళ్లకు 'ఇక జవాబు రాయి' అని అర్థం. 3 + 4 = 7 × 2 = 14 అని గొలుసుగా రాసేవాళ్లదీ ఇదే జబ్బు. అక్కడ 7, 14 సమానమని రాసినట్టయింది.

లెక్కలు చేయించకుండా, నిజమా అబద్ధమా అని మాత్రమే అడగండి: 7 = 7. 9 = 4 + 5. 6 + 2 = 5 + 3. 8 + 4 = 12 + 5. మొదటిది చూడగానే "ఇందులో లెక్కేదీ లేదు కదా" అంటారు. అక్కడే మాట్లాడండి. 1557లో వేల్స్ గణితవేత్త రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తును తెచ్చినప్పుడు, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి ఇంకేవీ ఉండవని కారణం చెప్పాడు. ఆ సంగతి చెబితే గుర్తును కొత్తగా చూస్తారు. '=' దగ్గర 'వచ్చింది' అనకుండా 'సమానం' అని చదివించండి.

3య = 12 అయితే య = 9 అంటున్నారు, లేదా −4 అంటున్నారు

రెండు జవాబులకూ మూలం ఒకటే: 'అటు పోతే గుర్తు మారుతుంది'. ఒకరు 3ను అటు పంపి −3 చేసి తీసేశారు. ఇంకొకరు భాగించాలని గుర్తుపెట్టుకున్నారు కానీ 3ను −3 కూడా చేశారు. పక్షాంతరం, అంటే ఒక పదాన్ని '='కు అటువైపు పంపడం, మంచి దగ్గరిదారే. కారణం తెలియకముందే నేర్పితే మాత్రం, ఏది ఎందుకు మారుతుందో తెలియని మాయగా మిగులుతుంది.

కనీసం రెండు వారాలు పక్షాంతరం అన్న మాటే ఎత్తకండి. ఏం చేసినా రెండు పక్షాలకూ చేయించి, చేసింది ఆ వరస కిందే రాయించండి. 3య + 14 = 2 తీసుకుందాం. రెండు వైపులా 14 తీసేస్తే 3య = −12. రెండు వైపులా 3తో భాగిస్తే య = −4. సరిచూస్తే 3 × (−4) + 14 = 2. కాగితం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. కొన్నాళ్లకు "రెండుసార్లు రాయడం ఎందుకు టీచర్?" అని వాళ్లే విసుక్కుంటారు. పక్షాంతరం చెప్పాల్సింది అప్పుడు.

ఉదాహరణలు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. 2య = 4 ఎప్పుడూ ఇవ్వకండి. భాగించినా 2, తీసేసినా 2! తప్పుడు నియమానికి సరైన జవాబు వచ్చేస్తుంది, మనం రైట్ కొట్టేస్తాం. 5య = 30 లాంటిది ఇస్తే 6 రాసినవాళ్లు, 25 రాసినవాళ్లు విడివిడిగా కనిపిస్తారు.

జవాబు మైనస్ వస్తే తప్పు చేశామని కొట్టేసేవాళ్లూ ఉంటారు. వాళ్లను తక్కువగా చూడకండి. ప్రాచీన గ్రీకు గణితవేత్త డయోఫాంటస్ కూడా 4య + 20 = 4 లాంటి సమీకరణం అర్థం లేనిదని వదిలేశాడు. దాని జవాబు −4. ఈ కథ చెప్పి, ఆ లెక్కే వాళ్లతో చేయించండి. ముఖాలు వెలుగుతాయి.

−య = 5 దగ్గర ఆగిపోయేవాళ్లకు, 'యకు ఎదురు సంఖ్య 5' అని చదివిస్తే చాలు.

3య + 2ను 5యగా కలిపేస్తున్నారు

'+' ఇంకా మిగిలి ఉంటే లెక్క పూర్తి కాలేదన్న అసంతృప్తి దీనికి కారణం. సజాతి పదాలు, విజాతి పదాలు అని నిర్వచనం మళ్లీ చెప్పినా మారరు. య స్థానంలో 10 పెట్టమనండి. ఒకవైపు 32, ఇంకోవైపు 50. 1 మాత్రం పెట్టించకండి, రెండూ 5 అయిపోయి తప్పు దాక్కుంటుంది. య = 4 అయితే 3య అంటే 34 అనే పిల్లలు ఈ పనిలోనే బయటపడతారు. వాళ్లతో కొన్నాళ్లు 3 × య అనే రాయించండి.

మాటల లెక్కలో 5 − య రాస్తున్నారు, రావాల్సింది య − 5

ఇంగ్లీషు మీడియం పిల్లల్లో ఇది ఎక్కువ. 'ఫైవ్ లెస్ దేన్ ఎక్స్' అన్న మాటను విన్న వరసలోనే రాసేస్తారు. తెలుగులో చెప్పమనండి: 'ఎక్స్ కన్నా 5 తక్కువ'. ఇప్పుడు వరస సరిగ్గా పడింది. లెక్కను సొంత మాటల్లో చెప్పించడం చిన్నతనం కాదని ముందే చెప్పాలి. ఈ వయసువాళ్లు దానికి మొహమాటపడతారు.

అన్నీ వచ్చాయి, పరీక్షలో మళ్లీ పాత తప్పే

తొందరలో పాత నియమమే ముందు పైకి వస్తుంది. దీనికి కొత్త పాఠం అక్కర్లేదు. రెండు వారాలకోసారి, చెప్పకుండా, నాలుగే లెక్కలు ఇవ్వండి. వాటిలో ఒకటి మీరే తప్పుగా చేసి ఇచ్చి, ఏ వరసలో తప్పు జరిగిందో, చేసినవాళ్లు ఏమనుకుని ఉంటారో రాయమనండి. −5 − 3 = 8 అని ఉన్న చోట ఒకమ్మాయి నాకు ఇలా రాసిచ్చింది: "గుణకారం అనుకుంది. నేనూ ముందు అలాగే అనుకునేదాన్ని."