సెవిల్ నుంచి కాడిజ్‌కు బయల్దేరే ముందు

స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో సాంతా హుస్తా స్టేషన్‌లో రైలెక్కితే, సముద్రతీరాన ఉన్న కాడిజ్‌కు గంటన్నర పైచిలుకు ప్రయాణం. కారు అద్దెకు తీసుకోవద్దనే నా సలహా. పాత ఊరి సందులు ఇరుకు, పార్కింగ్ వెతకడంలోనే సగం పూట పోతుంది.

• భారతీయ పాస్‌పోర్ట్ అయితే ఒరిజినల్ వెంట ఉంచుకోండి. షెంగెన్ వీసాలో (స్పెయిన్ సహా పలు యూరప్ దేశాల ఉమ్మడి వీసా) మిగిలిన రోజులు మరోసారి లెక్కపెట్టుకోండి.

• సాన్ ఫెర్నాండో ఊరు దాటాక కాడిజ్‌లోనే చిన్న స్టేషన్లు వస్తాయి, కంగారుపడి దిగొద్దు. చివరి స్టేషన్‌లో దిగితే పాత ఊరు పక్కనే.

• ఫిబ్రవరి ప్రాంతంలో కార్నివాల్ ఉంటుంది. ఆ రోజుల్లో వెళ్తుంటే గది ముందే బుక్ చేయాల్సిందే.

• లెవాంతే అనే బలమైన తూర్పు గాలి వీచే రోజు బీచ్‌లో కూర్చోలేం, ఇసుక కళ్లల్లో కొడుతుంది. వాతావరణం చూసుకుని, ఆ పూట ఊళ్లో తిరగండి.

• శాకాహారులు మరీ జాగ్రత్త. పల్చటి పకోడీలా కరకరలాడే తోర్తియీతా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే పిండిలో పొట్టుతో సహా చిట్టి రొయ్యలుంటాయి! మిక్స్‌డ్ సలాడ్ మీద కూడా తరచూ ట్యూనా చేప వేస్తారు. ఆర్డర్ చెప్పేటప్పుడే ‘సిన్ అతూన్’, అంటే ట్యూనా వద్దు అనండి. మాంసం వద్దంటే చేప కూడా వద్దని వాళ్లు అనుకోరు.

• రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. పిల్లలుంటే బ్యాగులో ఏదైనా చిరుతిండి పెట్టుకోండి.