పిల్లల చేతిలో ఫోన్ తీసుకునే ముందు

జూన్‌లో బడులు తెరిచిన నెల తిరక్కుండానే స్టాఫ్ రూమ్ బీరువాలో ఫోన్లు, బంతులు, ఇయర్‌ఫోన్లు పోగవుతాయి. కొత్తగా చేరిన టీచర్లు అడుగుతుంటారు, 'తీసుకోవచ్చా సార్?' అని. తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచే బడుల్లో పిల్లలకు ఫోన్లు నిషేధం. ఢిల్లీ హైకోర్టు 2025లో పూర్తి నిషేధం వద్దంటూనే, నిబంధన మీరితే నిర్ణీత కాలం ఫోన్ స్వాధీనం చేసుకోవచ్చని చెప్పింది. ఆ 'నిర్ణీత కాలం' అన్నమాటే మనవాళ్లు మరిచిపోతారు. సంవత్సరం చివర ఇస్తామనడం, నేలకేసి కొట్టడం మన హక్కు కాదు.

అందుకే మొదటి పేరెంట్స్ మీటింగ్‌లోనే నిబంధన చదివి, సంతకాలు తీసుకోండి. ఫోన్ తీసుకున్న రోజే పిల్లవాడి ఎదుటే స్విచాఫ్ చేయించి, కవర్లో పెట్టి, పేరు, తేదీ, గాజు పగిలి ఉంటే ఆ సంగతీ రిజిస్టర్లో రాయండి. లేకపోతే పాత పగులు మీ ఖాతాలో పడుతుంది. హెచ్‌ఎం గారి బీరువాలో తాళం వేయండి, సొంత బ్యాగులో వద్దు. సాయంత్రానికల్లా ఇంటికి కబురు చేయండి. చాలాసార్లు అది వాళ్లమ్మ ఫోన్. బ్యాంకు ఓటీపీలు, గ్యాస్ బుకింగు, డ్వాక్రా గ్రూపు కబుర్లు అన్నీ దాంట్లోకే వస్తాయి. ఒకసారి నేను రెండ్రోజులు ఆపేస్తే, ఆ తల్లి కూలి మానుకుని బడికొచ్చింది. ఆరోజు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఫోన్ తెరిచి చూడకండి. అభ్యంతరకరమైనది కంటబడితే వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, నేరుగా హెచ్‌ఎంకు చెప్పండి. పిల్లల అశ్లీల చిత్రం పంపడం మీకే నేరమవుతుంది.

ఇన్‌హేలర్, కళ్లద్దాలు, వినికిడి యంత్రం ముట్టుకోవద్దు. ఆడపిల్లల సంచి వెతకాల్సి వస్తే మహిళా టీచరే, మరొకరి సమక్షంలో.

ఇవ్వనంటే గుంజుకోకండి. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఫోన్ తీసుకున్న లెక్చరర్‌పై విద్యార్థిని చెప్పు ఎత్తిన వీడియో అందరం చూశాం. అలాంటప్పుడు పాఠం ఆపి, హెచ్‌ఎంకు కబురు పెట్టి, పక్కకు తప్పుకోండి. దెబ్బ వేశారా, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మీ మెడకే చుట్టుకుంటుంది. తిరిగిచ్చేటప్పుడు తల్లిదండ్రుల సంతకం రిజిస్టర్లో అదే వరుసలో పెట్టించండి.