నీళ్ల నుంచి హైడ్రోజన్ - మూడో పాఠం: సిరంజితో గ్యాస్ కొలుద్దాం

పోయిన పాఠంలో బుడగలు చూశాం. ప్లాస్టిక్ డబ్బా అడుగున రెండు కన్నాలు పెట్టి, రెండువైపులా చెక్కిన పెన్సిళ్లు కిందినుంచి దూర్చి, చుట్టూ ఎం-సీల్ పూసి, నీళ్లు పోసి, 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే రెండు ములుకుల దగ్గరా సన్నగా నురగ లేచింది కదా. ఈసారి దాన్ని కొలవాలి. కొలవనంతకాలం అది వింతే, ఇంధనం లెక్క తేలదు.

ముందు ఒక మాట. నీళ్లలో ఉప్పు వేయకండి. మొదటిసారి నేనూ చేతికందింది కదా అని ఉప్పే వేశాను, కాసేపటికే గదంతా బ్లీచింగ్ పౌడర్ వాసన, గొంతు మండి ఒకటే దగ్గు. అది క్లోరిన్. లీటరు నీళ్లకి రెండు చెంచాల బట్టల సోడా చాలు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి బోరునీళ్లలో సోడా కలిపితే తెల్లగా విరిగినట్టయి, మైనస్ పెన్సిల్‌కి సున్నంలా పొర కడుతుంది. అందుకే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే వాడుతున్నాను.

మందుల షాపులో 10 మి.లీ. సిరంజిలు రెండు తీసుకోండి. లోపల తోసే కాడ తీసేసి, సూది గుచ్చే కొస ఎం-సీల్‌తో మూసేయండి. డబ్బాలోనే నీళ్లు నింపి, గాలి దూరకుండా ఒక్కో పెన్సిల్ ములుకు మీద బోర్లించండి. అడుగుకి ఆనించొద్దు, సందు లేకపోతే కరెంటు పారదు. గ్యాస్ పైకి చేరేకొద్దీ నీళ్లు దిగుతాయి, సిరంజి మీద గీతలే మీ కొలత.

వైరు మధ్యలో కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టి, 0.1 ఆంపియర్ వచ్చేదాకా సోడా కొద్దికొద్దిగా కలపండి. పది నిమిషాలాగితే మైనస్ వైపు సుమారు ఏడున్నర మి.లీ. హైడ్రోజన్ ఉండాలి, ప్లస్ వైపు ఆక్సిజన్ అందులో సగం. ఆక్సిజన్ ఇంకా తగ్గితే కంగారు పడకండి, కొంత పెన్సిల్‌నే తినేస్తుంది, నీళ్లలో రాలిన నల్లపొడి అదే. ఇక్కడ ఒడియా మీడియం పిల్లలు హైడ్రోజన్‌ని ఉదజాన అంటారు, మన పాత పుస్తకాల్లో ఉదజని. ఉద అంటే నీరే కదా, రెండు భాషల పిల్లలకీ ఈ పేరుతోనే చెప్తే ఇట్టే ఎక్కుతుంది.

ఇక అసలు విషయం. ఎన్ని ఆంపియర్లు ఎంతసేపు పారాయన్నదాన్ని బట్టే గ్యాస్ వస్తుంది, 1834లో ఫారడే అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే. ఒక ఆంపియర్ ఒక నిమిషం పారితే ఏడున్నర మి.లీ. వోల్టులు పెంచితే అదే ఆంపియర్‌కి గ్యాస్ పెరగదు, బిల్లు పెరుగుతుంది. కిలో హైడ్రోజన్‌కి సుమారు 26,600 ఆంపియర్-గంటలు కావాలి. మన 9 వోల్టుల బ్యాటరీతో అయితే 240 యూనిట్లు. 2 వోల్టుల్లో నడిపితే 53. ఆ కిలోని మండిస్తే వచ్చేది దాదాపు 33 యూనిట్లే. నీటిని విడగొట్టడానికి కనీసం 1.23 వోల్టులు కావాలి, దానిపైన పెట్టేదంతా చాలామటుకు వేడిగా పోతుంది.

2023 జనవరిలో మన దేశం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030 కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు. కిలోకి 50 యూనిట్లు వేసుకున్నా 25,000 కోట్ల యూనిట్లు! కిలోకి 9 లీటర్ల నీరు విడిపోతుంది, కానీ అసలు బరువు కరెంటుదే. ఆ కరెంటు బొగ్గుదైతే పొగ ఊరు మారుతుందంతే. మన కొరాపుట్ వైపు మాచ్‌ఖండ్ లాంటి జల విద్యుత్తో, సోలారో అయితేనే ఈ శ్రమకి అర్థం. ఒక్కో సెల్‌లో, అంటే నీళ్లని విడగొట్టే ఒక్కో డబ్బాలో, 0.1 వోల్టు తగ్గించినా కిలోకి రెండున్నర యూనిట్లకు పైగా మిగులుతుంది, నాకు ఈ లెక్క తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

రెండు గ్యాసుల్నీ ఒకే సీసాలో ఎప్పుడూ పట్టకండి. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ ఉంటే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. సిరంజి నిండగానే వైరు తీసి, గ్యాస్‌ని కిటికీ దగ్గర వదిలేయండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఇలాంటిదే రెండో డబ్బా చేసి, మొదటిదాని ప్లస్‌ని రెండోదాని మైనస్‌కి కలిపి, అదే బ్యాటరీ తగిలించండి. డబ్బాల నీళ్లు ఒకదానితో ఒకటి కలవకూడదు. కరెంటు తగ్గుతుంది, తగ్గనివ్వండి. మీటరు అంకె, నిమిషాలు, నాలుగు సిరంజిల్లో గీతలు కాగితం మీద రాసి ఉంచండి.