ఊరి నీళ్లపై డిగ్రీ విద్యార్థుల సర్వే: మహిళా సంఘంతో కలిసి

ముందు గ్రామ మహిళా సమాఖ్య సమావేశంలో కూర్చోండి. ప్రశ్న అక్కడే పుట్టాలి. నల్గొండ వైపైతే ఫ్లోరైడ్ మాట తప్పక వస్తుంది. ఎవరు ఏ పని చేస్తారో, వివరాలు ఎవరి దగ్గర ఉంటాయో ఒక పేజీలో రాసుకోండి.

తర్వాత ప్రశ్నావళి. పన్నెండు ప్రశ్నలు చాలు. ఐదు ఇళ్లలో అడిగి చూడండి. “మీరు మంచినీళ్లే తాగుతారా?” అంటే అందరూ అవుననే అంటారు, “నిన్న తాగిన నీళ్లు ఎక్కడివమ్మా?” అంటే అసలు సంగతి బయటపడుతుంది.

ఇక ఏ ఇళ్లలో అడగాలి? ఊళ్లో 300 ఇళ్లుంటే మొదటి పదింటిలో చీటీ తీసి ఒకటి ఎంచుకుని, అక్కడినుంచి ప్రతి పదో ఇల్లు. తాళం ఉంటే పక్కింటికి వెళ్లిపోవడమే విద్యార్థులు చేసే పెద్ద పొరపాటు: కూలికి వెళ్లినవాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు. సాయంత్రం మళ్లీ వెళ్లాలి.

ఫ్లోరైడ్ పరీక్షకు బోరు నీళ్లు గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలో పట్టండి. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెబుతుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణం ప్రకారం పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు లేనప్పుడు 1.5 వరకు.

ఫలితాలు కాలేజీకన్నా ముందు సంఘానికే, తెలుగులో చెప్పించండి.