చెన్నై ఉప్పుగాలిలో పనిముట్లకు తుప్పు పట్టకుండా

తిరువాన్మియూరులోనో బీసెంట్ నగర్‌లోనో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇంట్లో కొత్త ఉలిని పట్టుకుని, తుడవకుండా బల్ల మీద వదిలేయండి. కొద్ది రోజుల్లోనే వేలిముద్ర పడిన చోట, ముద్ర ఆకారంలోనే గోధుమరంగు మచ్చ తేలుతుంది. చెమటలో ఉప్పు, గాలిలో ఉప్పు. అది గాలిలోని తేమను లాక్కుని ఇనుము మీద కంటికి కనబడని తడిపొరగా నిలుస్తుంది. శుభ్రమైన ఇనుముకైతే తేమ 60 శాతం దాటాకే తుప్పు జోరందుకుంటుంది. ఉప్పు అంటిన ఇనుము అంతదాకా ఆగదు.

గదంతా ఆరబెట్టాలని చూడకండి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు గాలిలో దాదాపు 680 గ్రాముల నీళ్లుంటాయి. ఎంత తీసినా తలుపు తెరిస్తే మళ్లీ అంతే. అదే 20 లీటర్ల డబ్బాలో ఉండేది అర గ్రాము! పనిముట్లున్న డబ్బాను ఆరబెడితే చాలు.

ముందు తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనండి. అది నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి, సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదలండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడూ 5 కలుపుకోండి.

ఉలులు, డ్రిల్ బిట్లు, కొలత పరికరాలకు రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా వాడండి. 20 లీటర్లకు 100 గ్రాముల సిలికా జెల్‌ను, అంటే తేమ పీల్చే పూసలను, గుడ్డ సంచిలో వేసి పెట్టండి. నారింజ రంగు పూసలైతే మేలు, నీలం వాటిలో హానికరమైన కోబాల్ట్ ఉంటుంది. రంగు మారాక 110 డిగ్రీల్లో రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. బీరువాల్లో వేలాడదీసే కాల్షియం క్లోరైడ్ సంచులను మాత్రం పనిముట్ల దగ్గరికి రానివ్వొద్దు. అవి తేమను పీల్చి ఉప్పునీళ్లవుతాయి. సంచి చిట్లిందంటే ఒక్క రాత్రిలో అరంతా ఎర్రబారుతుంది. తోలు తొడుగుల్లో ఉలులు దాచడమూ అంతే, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

డబ్బాలో పట్టని రంపాలు, చిత్రికలు, వైస్‌లకు బీరువా. గోడకు మూడంగుళాలు ఎడంగా పెట్టి, అడుగు అరలో పింగాణీ హోల్డరుకు 15 వాట్ల ఫిలమెంట్ బల్బు బిగించండి. ఎల్‌ఈడీ బల్బు అంతగా వేడెక్కదు, దాంతో ఇక్కడ పని లేదు. చుట్టూ ఇనుప జాలీ, చెక్కకు అర అడుగు దూరం తప్పనిసరి. 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న గాలి ఐదు డిగ్రీలు వేడెక్కితే తేమ 64కు దిగుతుంది. నీళ్లు ఎక్కడికీ పోవు, ఇనుము మీద చేరవు, అంతే. రోజంతా వెలిగినా రెండు నెలల బిల్లులో 22 యూనిట్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆర్పకండి. సందులున్న బీరువాకు బల్బు, బిగుతు డబ్బాకు జెల్. బీరువాలో జెల్ పోయడం డబ్బు దండగ.

ఇక నూనె. పని అయ్యాక పొడిగుడ్డతో చెమట తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డకు అద్ది రుద్దండి. కొబ్బరినూనె కొన్నాళ్లకు మక్కిపోతుంది, పొద్దుతిరుగుడు నూనె జిగురు కడుతుంది. బండి నుంచి దించిన పాత ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలు ఉంటాయి, అది అసలే వద్దు. నీళ్లను వెళ్లగొట్టే స్ప్రేలు తడిసిన రోజుకు బాగుంటాయి గానీ వాటి పొర పలచన, నెలలు నిలవదు. రంపపు బల్ల లాంటి పోత ఇనుము మీద నూనె పూస్తే చెక్కపొట్టు అంటుకుంటుంది. దాన్ని కాసేపు ఎండలో వేడెక్కించి, కొవ్వొత్తి రుద్ది, గుడ్డతో మెరిసేదాకా తుడవండి.

మే, జూన్‌లలో పొద్దెక్కాక పడమటి వేడిగాలి పొడిగా ఉంటుంది, కిటికీలు అప్పుడు తెరవండి. సముద్రపు గాలి తిరగ్గానే మూసేయండి. ఏసీ గదిలో 24 డిగ్రీలకు చల్లబడిన పనిముట్టును వరండాలోకి తెస్తే, చల్లటి సోడాసీసాలా చెమర్చుతుంది. బయటి గాలి 30 డిగ్రీలు, 80 శాతం మీద ఉంటే 26 డిగ్రీలకే మంచు కడుతుంది మరి. గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టి తెచ్చి, అరగంట అలాగే ఉంచి విప్పండి.

నేల చెమ్మగా ఉందా? రెండడుగుల ప్లాస్టిక్ షీటును నలువైపులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. షీటు కింద నీళ్లు చేరితే చెమ్మ నేలలోంచి వస్తోంది, పైన చేరితే గాలిలోంచి.

తుప్పు పట్టేసిందా? లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రెండు గంటలు నానబెట్టి, గరుకు కాగితంతో (శాండ్ పేపర్) కాకుండా ఇత్తడి బ్రష్షుతో తోమండి. స్ప్రింగుల్ని మాత్రం ఈ నీళ్లలో వేయకండి, పెళుసెక్కి విరుగుతాయి. వంటసోడా చెంచాడు కలిపిన నీళ్లలో ముంచి తీసి, వెంటనే ఆరబెట్టి నూనె పెట్టాలి. పది నిమిషాలు ఆలస్యమైతే కొత్త తుప్పు కనబడుతుంది.

2015, 2023 డిసెంబర్లలో లాగా నీళ్లు ఇంట్లోకి వస్తే, బురద ఎండకముందే మంచినీళ్లతో కడగండి. ఎండిన బురదలోని ఉప్పును తర్వాత వదిలించడం కష్టం. మునిగిన డ్రిల్లును ఆరిందనిపించినా ప్లగ్గులో పెట్టకండి. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు తీసి, విప్పి లోపల కడిగి, నాలుగైదు రోజులు ఎండనిచ్చి, ఇన్సులేషన్‌ను మెగ్గరుతో (కరెంటు లీకవుతోందో లేదో చూపే మీటరు) పరీక్ష చేయించాకే కరెంటు ఇవ్వండి.